పాఠసంధానమున ఉత్సర్గాపవాదములు

ఒకే గ్రంథమునకుఁ బలు ప్రతులున్నపుడు వానిని బోల్చి శుద్ధపాఠమును నిలుపుట పరిష్కర్త కృత్యము. సీ. పీ. బ్రౌను (1798–1884) కడపలోని తన బంగళాయందుఁ బండితులను, లేఖకులను స్వవ్యయముతో నియమించి యీ కార్యము జరిపించెను. ఆయన 1829లో వేమనపద్యములను, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రమును బ్రకటించెను.

ఈ రెంటికి నొకే విధి చెల్లదు. వేమనపద్యములు ముక్తకములు, ఒక ప్రతిలో లేని పద్యమును వేఱొక ప్రతినుండి చేర్చినను దక్కినవాని యన్వయము చెడదు. మనుచరిత్రము ప్రబంధము, అందు రెండు పాఠములను వరుసగాఁ జేర్చినచో ఛందస్సును, గథాక్రమమును జెడును. ఒకటి గ్రహించి రెండవదానిని పాఠాంతరముగాఁ జూపవలయును.

నేఁడు కంప్యూటరుపై గ్రంథపరిష్కారము చేయువారికిని నిదే చిక్కు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో నిర్మించిన గిట్ అను సాధనము మార్పుల చరిత్రను భద్రపఱచును. ఇద్దఱు పండితులు వేఱు శాఖలలోఁ దిద్దిన ఫైలును గలుపునపుడు, అది మూలప్రతితోఁ గూడ మూఁడు ప్రతులను బోల్చును. ఒకరే మార్చిన తావున నా మార్పును గ్రహించును. ఒకే తావున నిద్దఱును భిన్నముగా మార్చినచోఁ రెండు పాఠములను గుర్తులతోఁ జూపి నిర్ణయమును మనకు విడుచును. ఇది ఉత్సర్గము.

అపవాదములు ‘గిట్ ఆట్రిబ్యూట్స్’ అను ఫైలున వ్రాయఁబడును. ఒక్కొక్క పంక్తిలో ఫైలుపేరు తీరును, దానికి వర్తించు సంధానవిధియు నుండును. ‘యూనియన్’ అను విధి వివాదగ్రస్తమైన పంక్తులను రెండు శాఖలనుండియు గ్రహించును. పద్యమునకొక పంక్తిగా వ్రాసిన వేమన సంపుటికిఁ దగును, ప్రబంధమునకుఁ దగదు. పరిష్కర్త తన సొంత విధిని గూడ నేర్పఱుచుకొనవచ్చును. అతఁడు వ్రాసిన ప్రోగ్రామునకు గిట్ మూఁడు ప్రతులను నందిచ్చును. అది సున్నను దిరిగి యిచ్చిన సంధానము సిద్ధించినట్లు, ఒకటి నిచ్చిన వివాదము మిగిలినట్లు గ్రహించును.

రెండు పంక్తు లొకే ఫైలునకు వేఱువేఱు విధులు చెప్పినచోఁ బరమైనదే బలీయము. ఇది పాణినీయమునందలి విప్రతిషేధనియమమును బోలినది. కాని పాణినీయమున నపవాదము పూర్వమున నున్నను బలీయమే. గిట్‌నకుఁ బరత్వమొక్కటే ప్రమాణము. కావున సామాన్యవిధిని ముందు, విశేషవిధిని వెనుక వ్రాయవలయును.

ఇంకను రెండు జాగ్రత్తలు కలవు. ఫైలును రెండు శాఖలును మార్చినపుడే విధి ప్రవర్తించును. ‘మన పాఠమే నిలుచుఁగాక’ యని విధించుకొన్నను, ఎదుటి శాఖ యొక్కటే మార్చినచో నా మార్పు విధికిఁ దెలియకయే లోనికి వచ్చును. మఱియు, ఫైలులోని విధినామము తోడి పండితులకుఁ జేరును గాని ప్రోగ్రాము నమోదు చేరదు. ఎవరి కంప్యూటరున వారే నమోదు చేసికొనవలయును. లేనిచో ఉత్సర్గమే ప్రవర్తించును.

విధి గ్రంథస్వభావము ననుసరింపవలయునే కాని సౌకర్యమును గాదు. వివాదమును జూపి నిలిచిన సాధనము పండితునకుఁ బని కల్పించును. వివాదమును మఱుఁగుపఱచిన సాధనము చదువరికిఁ బాఠమునే లోపింపఁజేయును.