గొడ్డలి ఎత్తే ముందు

పిల్లలూ! మీ ఇంటి ముందు వేపచెట్టు ఉన్నదా? ఉంటే ఈ ముచ్చట మీకోసమే. లేకపోతే పక్క ఇంటి చెట్టును తలుచుకుంటూ చదవండి.

2021వ సంవత్సరం చివరలో మన తెలంగాణలో ఎక్కడ చూసినా వేపచెట్లు మాడిపోసాగాయి. హనుమకొండలో మా ఇంటి ముందున్న చెట్టుకు కూడా ఆ జబ్బు సోకింది. దసరా నాటికి కొమ్మల చివరలు వాడిపోయాయి. సంక్రాంతి వచ్చేసరికి చెట్టంతా మంట తగిలినట్టు గోధుమరంగుకు తిరిగింది.

వీధిలో అందరిదీ ఒకటే మాట: "సార్, చెట్టు చచ్చిపోయింది. గాలిదుమారం వస్తే ఇంటిమీద పడుతుంది. కొట్టించెయ్యండి." నాకూ నిజమే అనిపించింది. చెట్లు కొట్టే అతన్ని పిలిచి బేరం కుదుర్చుకున్నాను.

ఆ సాయంత్రం, ఏడో తరగతి చదివే మా మనవరాలు చెట్టు కింద నిలబడి, "తాతయ్యా, ఇది చచ్చిపోయిందని నీకెట్లా తెలుసు?" అని అడిగింది.

"చూస్తే తెలియడం లేదూ? ఒక్క పచ్చని ఆకైనా లేదు" అన్నాను.

"ఎండాకాలం మోదుగుచెట్టుకూ ఆకులుండవు. అది చచ్చిపోతున్నదా?"

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక, ఇంట్లోనుంచి చిన్న చాకు తెచ్చాను.

చిటికెనవేలంత కొమ్మను వంచితే పుటుక్కున విరిగింది. లోపలంతా పొడిపొడిగా ఉన్నది. కాస్త కిందికి వచ్చి, మణికట్టంత లావు కొమ్మ మీద బెరడును గోరంత మేర గీకి చూశాము. లోపల లేత ఆకుపచ్చ! వేలితో తాకితే తడి! చెట్టుకు చివరలు మాత్రమే చచ్చాయి. ఒళ్ళంతా ప్రాణం ఉన్నది.

ఎందుకట్లా? చెట్టుకు ప్రాణమంతా మానులో నిండి ఉంటుందనుకుంటాము. కాని, బెరడుకు లోపల ఆనుకొని ఒక పలచని పొర ఉంటుంది. చెట్టు లావెక్కేది ఆ పొర వల్లనే. దానికి లోపలివైపు కట్టెలోనుంచి వేళ్ళు పీల్చిన నీరు పైకి పోతుంది. బయటివైపు బెరడులోనుంచి ఆకులు వండిన ఆహారం కిందికి దిగుతుంది. ఆ పొర తడిగా ఉన్నంతకాలం చెట్టు బతికి ఉన్నట్టే.

ఇక ఆ జబ్బు సంగతి. దానికి మూలం ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం, అంటే ఒక రకమైన బూజు. వానాకాలంలో ఇది లేత కొమ్మలను పట్టి, చివరలనుంచి వెనక్కి ఎండబెట్టుకుంటూ వస్తుంది. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్ళ రసం పీల్చి ఆ గాయాలతో దానికి దారి చేస్తుంది. వేపకు మామూలుగా ఆకు రాలడం వేరు, ఈ జబ్బు వేరు. మామూలుగా అయితే ఆకు పసుపు పచ్చగా మారి నేల రాలుతుంది. జబ్బు చేస్తే గోధుమరంగుకు తిరిగి, ఎండి కొమ్మకే వేలాడుతుంది. జబ్బు చేసిన చెట్లు చాలావరకు ఎండాకాలం నాటికి మళ్ళీ చిగురిస్తాయి.

మేము గొడ్డలి పని మానుకున్నాము. ఎండిన చివరలను వానలు రాకముందే కత్తిరించి, దూరంగా తీసుకుపోయి తగులబెట్టించాము. ఉగాదికి కొమ్మకొమ్మకూ ఎర్రని చిగుళ్ళు వచ్చాయి. పూత మాత్రం ఆ ఏడు రాలేదు. పచ్చడికి వేపపూత బజారులో కొన్నాము. అయితేనేం, చెట్టు దక్కింది!

పిల్లలూ, నేను ఇంత సంతోషించడానికి ఇంకొక కారణం ఉన్నది. అది చెప్పడానికి సిగ్గుగానే ఉన్నా చెబుతాను. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒక బడిలో పెద్ద వేపచెట్టు ఉండేది. వానకు బురద అవుతున్నదని, ఆ ఆవరణమంతా సిమెంటు వేయించాను. మాను చుట్టూ గద్దె కట్టించాను. పునాదికి అడ్డం వచ్చిన వేళ్ళను నరికించాను. అంతా శుభ్రంగా ఉన్నదని మురిసిపోయాను. ఏడెనిమిది ఏళ్ళకు, ఒక ఎండాకాలపు ఆదివారం గాలివానకు ఆ చెట్టు వేళ్ళతో సహా కూలి వరండా మీద పడింది. ఆదివారం కాకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. అందరూ గాలిని తిట్టారు. దాన్ని కూల్చింది గాలి కాదని నాకొక్కడికే తెలుసు.

చెట్టు వేళ్ళన్నీ పాతాళానికి పోతాయనుకోవడం పొరపాటు. నీటిని పీల్చే సన్నని వేళ్ళు ఎక్కువగా పై రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల నీడను దాటి ఇంకా దూరం పాకుతాయి. వాటికి నీరే కాదు, గాలి కూడా కావాలి. సిమెంటు రెండింటినీ ఆపుతుంది. 2024 ఆగస్టు 31న మన పక్కనున్న ములుగు జిల్లాలో, తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలులకు వేలాది చెట్లు ఒక్కరోజులో నేలకూలాయి. వేళ్ళు లోతుకు దిగకపోవడం కూడా ఒక కారణమని అటవీశాఖ వారు చెప్పారు. పెనుగాలికి అడవే నిలవలేనప్పుడు, మనం వేళ్ళు నరికిన చెట్టు ఎట్లా నిలుస్తుంది?

కొమ్మలు కొట్టడంలోనూ పద్ధతి ఉన్నది. అలెక్స్ షైగో అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వేలాది చెట్లను నిలువునా కోయించి పరిశీలించాడు. మనిషికి గాయం మానినట్టు చెట్టుకు మానదని, చెట్టు ఆ గాయం చుట్టూ గోడ కట్టుకొని దాన్ని లోపల బంధిస్తుందని తెలిపాడు. కొమ్మ మానుతో కలిసేచోట కాస్త ఉబ్బుగా ఉంటుంది. గోడ కట్టే శక్తి అక్కడే ఉన్నది. కనుక కొమ్మను ఆ ఉబ్బుకు బయట కోయాలి. మానుకు సమంగా కోసినా తప్పే, జానెడు మొద్దు వదిలినా తప్పే. బరువైన కొమ్మనైతే ముందు కింద నుంచి కొంచెం గాటు పెట్టి, తరువాత పైనుంచి రంపంతో కోయాలి. లేకపోతే కొమ్మ పడుతూ బెరడును చీల్చుకుపోతుంది. చెట్టు తల మొత్తం నరికి మొండి చేయడం అన్నిటికంటె చెడ్డది.

మరి చెట్టును ఎన్నడూ కొట్టకూడదా? కొట్టవలసిన సమయమూ ఉంటుంది. నిటారుగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి ఒరిగి, మొదట్లో మట్టి పైకి లేచినా, మాను నిలువునా చీలినా, మొదలు చుట్టూ పుట్టగొడుగుల వంటివి మొలిచి లోపల డొల్లగా మోగినా అది ప్రమాదమే. అప్పుడు పెద్దలు ఆలస్యం చేయకూడదు. అయితే అది ఇంట్లోవాళ్ళు నిచ్చెన వేసుకొని చేసే పని కాదు. తెలిసిన పనివారిచేతనే చేయించాలి. కరెంటు తీగలు తగులుతుంటే ముందు విద్యుత్తు శాఖకు చెప్పాలి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం మన స్థలంలోని చెట్టయినా కొట్టడానికి అనుమతి కావాలి. కాబట్టి ముందు నగరపాలక సంస్థలోనో, అటవీశాఖ కార్యాలయంలోనో అడగాలి.

బాగుచేయగలిగితే ముసలి చెట్టునైనా నిలుపుకోవచ్చు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి అనే మహావృక్షం ఉన్నది. దాని వయసు ఏడు వందల ఏళ్ళని చెప్పుకుంటారు. చెదలు తొలవడంతో 2017 డిసెంబరులో దాని పెద్ద కొమ్మ ఒకటి కూలింది. 2018లో అధికారులు, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్టు, సీసాలు వేలాడదీసి చెదలమందును చుక్కచుక్కగా మానులోకి ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఊతాలు కట్టారు. నరికివేయాలని ఎవరూ అనలేదు!

మీరు చేయగల పనులు కూడా ఉన్నాయి. రోహిణికార్తె ఎండల్లో చెట్టుకు నీళ్ళు పోస్తే మాను మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచున పోయండి. రోజూ చెంబెడు కంటె వారానికొకసారి నేల బాగా నానేటట్టు పోయడం మేలు. రాలిన ఆకులను కాల్చకుండా నీడలోనే పరచండి. తడి ఆరదు. మానుకు మాత్రం ఆనించకండి. చెట్టుకు మేకులు కొట్టనివ్వకండి.

ఇప్పుడు మా ఇంటి ముందు వేపచెట్టు చుట్టూ సిమెంటు లేదు. వానాకాలంలో కాస్త బురద అవుతుంది. గడప దగ్గర కాళ్ళు కడుక్కొని లోపలికి వస్తాము. ఎవరైనా చెట్టు కొట్టించాలని నన్ను సలహా అడగడానికి వస్తే, మా మనవరాలు ముందుగా చాకు తెచ్చి వాళ్ళ చేతిలో పెడుతుంది.