ఆటలో దెబ్బ తగిలితే ఆ టైం ఎవరి లెక్కలోకి?



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పల్లెల్లో కబడ్డీ పోటీ పెడితే మైకులో ప్రకటనలు కన్నడంలో సాగుతాయి, తగవు మాత్రం తెలుగులో సాగుతుంది. ఆ తగవుల్లో తరచు వినిపించేది ఒకటుంది. ఒక పిల్లవాడు మోకాలు పట్టుకుని కూలబడతాడు. రెఫరీ ఈల వేసి ఆట ఆపుతాడు. వెంటనే అవతలి జట్టువాళ్ళు, "టైం-అవుట్ వాళ్ళ లెక్కలో రాయండి" అంటారు. ఇవతలివాళ్ళు, "దెబ్బ తగిలితే టైం-అవుట్ ఎట్లా అవుతుంది?" అంటారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట న్యాయం? ఈ పూట ఆ సంగతి తెలుసుకుందాం.

కబడ్డీ నియమావళిలో ఆట ఆపడానికి రెండు దారులున్నాయి. మొదటిది జట్టు అడిగి తీసుకునే విరామం. పురుషుల ఆటలో 20 నిమిషాల చొప్పున రెండు భాగాలుంటాయి కదా, ఒక్కో భాగంలో ఒక్కో జట్టుకు రెండేసి విరామాలు, ఒక్కొక్కటి 30 సెకండ్లు. కెప్టెన్ గాని, కోచ్ గాని, ఆడుతున్నవారిలో ఎవరైనా గాని రెఫరీ అనుమతితో అడగవచ్చు. ఆ సమయంలో జట్టు మైదానం వదిలి పోకూడదు. పోతే ఎదుటి జట్టుకు ఒక టెక్నికల్ పాయింటు వెళ్తుంది.

రెండోది అధికారుల విరామం. ఆటగాడికి దెబ్బ తగిలినా, బయటివాళ్ళు మైదానంలోకి వచ్చినా, గీతలు చెరిగి మళ్ళీ వేయవలసి వచ్చినా రెఫరీ గాని అంపైరు గాని తామే ఆట ఆపుతారు. ఇది ఏ జట్టు లెక్కలోకీ రాదు. కాబట్టి పైన చెప్పిన తగవులో ఇవతలివాళ్ళదే న్యాయం. రెండు రకాల విరామాల్లోనూ పోయిన సమయాన్ని ఆట సమయానికి కలుపుతారు.

ఆటగాణ్ణి మార్చడం గురించి కూడా ఒక మాట. బయట కూర్చున్న అయిదుగురిలో ఎవరినైనా విరామంలోనో, రెండు భాగాల మధ్యనో రెఫరీ అనుమతితో లోపలికి పంపవచ్చు. బయటికి వచ్చినవాడు కుదుటపడితే మళ్ళీ వెళ్ళవచ్చు. అయితే అప్పటికే అవుట్ అయి కూర్చున్నవాడి బదులు మరొకణ్ణి దింపడానికి వీల్లేదు. ఇది తెలియక మన పోటీల్లో గొడవలు జరుగుతుంటాయి.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. దెబ్బకు లెక్క లేకపోతే, అలసిపోయిన జట్టు దొంగ దెబ్బలు నటించి ఊపిరి తీసుకోదా? ఈ సందేహం మనకే కాదు, అమెరికావాళ్ళకూ వచ్చింది. మన బంధువుల పిల్లలు అక్కడినుంచి ఫోను చేసి చెప్పే ఫుట్‌బాల్ మనం చూసే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట అది. జట్టుకు పదకొండు మంది, పావుగంట చొప్పున నాలుగు భాగాలు. సగం ఆటకు ఒక్కో జట్టుకు మూడు టైం-అవుట్లు.

ఆ ఆటలో ఒక ఎత్తుకూ మరో ఎత్తుకూ మధ్య కూడా చాలాసార్లు గడియారం నడుస్తూనే ఉంటుంది. ఓడిపోతున్న జట్టుకు చివరి నిమిషాల్లో గడియారం ఆగడమే పెద్ద లాభం. అందుకే అక్కడి వృత్తి ఆటగాళ్ళ లీగ్ ఒక నియమం పెట్టింది. ప్రతి సగంలోనూ చివరి రెండు నిమిషాల్లో ఒక ఆటగాడు దెబ్బ తగిలి పడిపోతే, ఆ జట్టుకు మిగిలిన టైం-అవుట్లలో ఒకటి తీసేస్తారు. ఏమీ మిగలకపోతే ఒకసారికి ఊరుకుంటారు. ఆ తరువాత కూడా జరిగితే అయిదు గజాల శిక్ష. కొన్ని సందర్భాల్లో గడియారం నుంచి పది సెకండ్లు కోసేస్తారు కూడా. ఎదుటివాడి తప్పు వల్ల దెబ్బ తగిలితే మాత్రం ఈ శిక్షలేవీ ఉండవు. చూసేవాళ్ళకు ఇది తికమకగా ఉంటుంది. నిజంగా కాలు విరిగినవాడికీ శిక్షేనా అని అడుగుతారు. శిక్ష గాయానికి కాదు, ఆగిన గడియారానికి. నిజమైన గాయాన్నీ నటననూ రెఫరీ కంటితో వేరు చేయలేడు గనుక, ఆ లాభాన్నే తీసేశారు.

మన కబడ్డీలో ఆ అవసరం అంతగా లేదు. ఆగిన సమయం తిరిగి కలుస్తుంది గనుక దొంగ దెబ్బతో దొరికేది కాసేపు ఊపిరి మాత్రమే. ఆ కాస్త లాభానికి భయపడి నిజంగా దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి అనుమానించడం మంచిది కాదు.

అయితే నియమం ఏదైనా ఆటకు ముందే అందరికీ ఒకేలా తెలిసి ఉండాలి. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్ మీలో కొందరు చూసే ఉంటారు. భారత్, ఇరాన్ 28-28తో సమంగా ఉన్నప్పుడు మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి, ఎవరినీ తాకకుండా లాబీలోకి పోయాడు. ఇరాన్ ఆటగాళ్ళూ అతని వెంట పోయారు. పాత నియమం ప్రకారం వెంట వెళ్ళినవాళ్ళూ అవుట్, కొత్త నియమం ప్రకారం కూతకు వెళ్ళినవాడు మాత్రమే అవుట్. ఏది వర్తిస్తుందో తేలక ఆట దాదాపు గంటసేపు నిలిచిపోయింది. చివరికి మనం 33-29తో గెలిచాం. అంత పెద్ద వేదిక మీదే అట్లా జరిగితే, మన గ్రామదేవత జాతర పోటీల్లో జరగడంలో వింత లేదు.

ఆ పవన్ సంగతే ఇంకొకటి గుర్తుంచుకోదగ్గది. అంతకు ఏడాది ముందు, 2022 అక్టోబరులో, మన బెంగళూరు కంఠీరవ స్టేడియంలో తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలికి దెబ్బ తగిలింది. ఆ సీజన్ అంతా ఆడలేదు. విశ్రాంతి తీసుకుని, ఏడాది తిరిగేసరికి దేశానికి స్వర్ణం తెచ్చిన జట్టుకు నాయకత్వం వహించాడు. ఆ తరువాత తెలుగు టైటాన్స్‌కూ ఆడాడు. దెబ్బతో పక్కకు కూర్చోవడం పిరికితనం కాదని మన పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "టైం-అవుట్ అయిపోయింది, లేచి ఆడు" అని గట్టిగా అరిచే పెద్దలు మనలో ఉన్నారు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు మాట తడబడినా, వాంతి చేసుకున్నా, కళ్ళకు రెండుగా కనిపిస్తోందన్నా, తూలుతూ నడిచినా ఆ రోజుకు అతని ఆట ముగిసినట్టే. వెంటనే డాక్టరుకు చూపించాలి. మెడ నొప్పి అంటే కదిలించకుండా అట్లాగే పడుకోబెట్టి సహాయం పిలవాలి. క్రికెట్‌లో 2019 నుంచి తలకు దెబ్బ తగిలినవాడి బదులు మరొకరు పూర్తిగా ఆడవచ్చు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జడేజా బదులు వచ్చిన చాహల్ మూడు వికెట్లు తీసి మనల్ని గెలిపించాడు. జట్టు నష్టపోకుండా ఏర్పాటు ఉంటే, గాయాన్ని దాచుకోవలసిన అవసరం ఆటగాడికి ఉండదు.

కాబట్టి పోటీ నిర్వహించేవారికి నాలుగు మనవులు. ఆట మొదలుపెట్టేముందు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి విరామాల లెక్క కన్నడంలోనూ తెలుగులోనూ చెప్పండి. స్కోరు రాసేవారి దగ్గర జట్టు విరామానికి ఒక గడి, అధికారుల విరామానికి వేరే గడి గీయించండి. గడియారం ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలియనివ్వండి. దెబ్బ తగిలినవాడు మళ్ళీ ఆడవచ్చా లేదా అన్న నిర్ణయం కోచ్‌కూ తండ్రికీ కాకుండా, గెలుపోటములతో పని లేని ఒక పెద్దమనిషికి అప్పగించండి.

వచ్చే జాతరకు మీ ఊళ్ళో కబడ్డీ జరిగితే ఈ నాలుగూ అమలు చేసి చూడండి. తగవులు తగ్గుతాయి, పిల్లలు క్షేమంగా ఇల్లు చేరతారు.