ఐపీ68 ఫోన్ ఉంటే సముద్రంలో దిగొచ్చా? కొమొడో దీవుల్లో మూడు రోజులు, నాలుగు గ్యాడ్జెట్లు

లాంచ్ ఈవెంట్లలో ఈ సీన్ మనకి కొత్త కాదు. ఫోన్ నీళ్లలో పడుతుంది, స్లో మోషన్‌లో చుక్కలు ఎగురుతాయి, పక్కన పెద్ద అక్షరాలతో ఐపీ68 అని పడుతుంది. అది చూసి చాలామంది ఇక బీచ్‌లో ఫోన్‌తోనే అండర్‌వాటర్ వీడియోలు తీసేయొచ్చు అనుకుంటారు. నిజంగా తీయొచ్చా? ఇండోనేషియాలో కొమొడో దీవుల మధ్య మూడు రోజులు పడవలో తిరుగుతూ ఒక ఫోన్, యాక్షన్ కెమెరా, స్మార్ట్‌వాచ్, పవర్‌బ్యాంక్ వాడి చూశాను. ఏది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో చెప్తా.

ముందు ఈ చోటు గురించి

ఫ్లోరెస్ దీవికి పడమటి కొసన లాబువాన్ బాజో అనే రేవు ఊరు ఉంది. బాలి నుంచి ఫ్లైట్‌లో వెళ్లొచ్చు. కొమొడో నేషనల్ పార్క్‌కి వెళ్లే పడవలు ఇక్కడి నుంచే బయల్దేరతాయి. 1980లో ఏర్పడిన ఈ పార్క్‌కి 1991లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. కొమొడో, రించా, పాడార్ అనేవి ఇందులో మూడు పెద్ద దీవులు. మూడు మీటర్ల దాకా పెరిగే కొమొడో డ్రాగన్ బల్లులు ఇక్కడ ఉంటాయి.

మేం వెళ్లింది పినిసి రకం చెక్క పడవలో. దక్షిణ సులవేసిలో ఈ పడవలు కట్టే కళని కూడా యునెస్కో 2017లో తన జాబితాలో చేర్చింది. తెరచాపలు చూడ్డానికి బావుంటాయి గానీ, టూరిస్ట్ ట్రిప్పుల్లో ఎక్కువ దూరం నడిపేది ఇంజినే. తిండి, నిద్ర అన్నీ పడవలోనే. పొద్దున కొండ ఎక్కడం, మధ్యాహ్నం స్నార్కెలింగ్, రాత్రి ప్లగ్ పాయింట్ దగ్గర క్యూ. గ్యాడ్జెట్లకి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది?

పాడార్ కొండ మీద: ఫోన్‌కి ఫుల్ మార్కులు

పాడార్ వ్యూపాయింట్‌కి మెట్లదారి ఉంది. నీడ దాదాపు ఉండదు, అంతా గడ్డి కొండే. అందుకే పడవలవాళ్లు చీకటితోనే లేపుతారు. పైకెక్కి చూస్తే ఒకేసారి మూడు అఖాతాలు కనిపిస్తాయి, ఒక్కో ఒడ్డు ఇసుక ఒక్కో రంగు. అల్ట్రావైడ్ లెన్స్ ఎందుకు ఇచ్చారో ఇక్కడ అర్థమవుతుంది. డ్రోన్ ఎగరేయాలనుకుంటే మాత్రం ముందే పార్క్ అనుమతి తీసుకోవాలి.

అసలు విషయం జీపీఎస్. దీవుల మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కానీ జీపీఎస్‌కి సిమ్‌తో పనిలేదు. ఫోన్ శాటిలైట్ల నుంచి సిగ్నల్ అందుకుంటుంది అంతే, తిరిగి ఏమీ పంపదు. కాబట్టి లాబువాన్ బాజోలో ఉండగానే ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, పడవెక్కాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయండి. లేని టవర్ కోసం వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీ ఊరికే తగలేయదు, మీరు నడిచిన దారి మాత్రం రికార్డవుతూనే ఉంటుంది.

ఎత్తు కొలవడానికి జీపీఎస్ ఒక్కటే చాలదు, అందులో తప్పు మీటర్లలో ఉంటుంది. వాచ్‌లో గానీ ఫోన్‌లో గానీ బారోమీటర్ ఉంటే లెక్క మెరుగవుతుంది. సముద్ర మట్టానికి దగ్గర్లో ప్రతి 8 మీటర్లు ఎక్కితే గాలి పీడనం సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఆ చిన్న తేడాని కూడా సెన్సార్ పసిగడుతుంది. బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఇది ఉండదు, కొనే ముందు స్పెక్స్‌లో చూసుకోండి.

ఇంకో మాట. ఎండలో ఫోన్ వేడెక్కితే స్క్రీన్ తనంతట తనే డల్ అయిపోతుంది. బాక్స్ మీద ఎన్ని వేల నిట్స్ రాసినా ఆ వేడిలో అవి నిలబడవు. వాడనప్పుడు నీడలో, బ్యాగ్‌లో పెట్టడమే మందు.

నీళ్లలో: ఐపీ68 అసలు ఏం చెప్తుంది?

ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. రెండో అంకె 8 అయితే ఎంత లోతు, ఎంతసేపు అనేది కంపెనీయే చెప్పాలి. శాంసంగ్ గెలాక్సీ ఎస్24కి ఆ లెక్క 1.5 మీటర్ల మంచినీళ్లలో 30 నిమిషాలు. ఐఫోన్ 15కి 6 మీటర్లలో 30 నిమిషాలు. రెండూ ఐపీ68లే, చూశారా తేడా!

పైగా ఈ పరీక్ష జరిగేది ల్యాబ్‌లో, కదలని నీళ్లలో, కొత్త ఫోన్ మీద. సముద్రంలో అలలుంటాయి, ఇసుక ఉంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఉప్పు ఉంటుంది. ఉప్పునీళ్లలో కరెంట్ బాగా పారుతుంది, లోహం తొందరగా తుప్పు పడుతుంది. టైప్-సీ పోర్ట్‌లో తడి ఉండగా ఛార్జింగ్ పెడితే పిన్నులు పాడవుతాయి. ఫోన్ వాడేకొద్దీ, కింద పడేకొద్దీ సీల్ బలం తగ్గుతుంది. తడిసి పాడైతే మామూలు వారంటీ వర్తించదు.

ఇవన్నీ దాటినా ఇంకో చిక్కుంది. తడి స్క్రీన్ మీద టచ్ సరిగా పనిచేయదు, ఎందుకంటే కెపాసిటివ్ స్క్రీన్‌కి మీ వేలూ నీళ్లూ ఒకలాగే కనిపిస్తాయి. నీళ్లలో మునిగి షటర్ నొక్కాలంటే వాల్యూమ్ బటనే దిక్కు.

యాక్షన్ కెమెరాలు దీనికోసమే పుట్టాయి. గోప్రో హీరో 13 అదనపు కేస్ లేకుండా 10 మీటర్ల దాకా, డీజేఐ ఆస్మో యాక్షన్ 5 ప్రో 20 మీటర్ల దాకా దిగుతాయి. స్నార్కెలింగ్‌లో మనం ఉండేది నీటి పైపైనే కాబట్టి ఏదైనా సరిపోతుంది. రంగుల విషయం మాత్రం గుర్తుంచుకోండి. లోతుకి వెళ్లేకొద్దీ మొదట మాయమయ్యేది ఎరుపే. అందుకే వీడియో అంతా నీలంగా వస్తుంది. నీటిపైన ఒకటి రెండు మీటర్లలో, ఎండ నెత్తిన ఉన్నప్పుడు తీస్తే ఫిల్టర్ లేకుండానే పగడాల రంగు దక్కుతుంది. పింక్ బీచ్ దగ్గర నాకు బాగా వచ్చిన క్లిప్పులన్నీ అలా తీసినవే. ఆ గులాబీ రంగు ఫిల్టర్ మహిమ కాదు, ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల ఎర్రటి గుల్లలు తెల్ల ఇసుకలో కలవడం వల్ల వచ్చింది.

స్పెక్ షీట్‌లో లేని రిస్క్

పసిఫిక్ నీళ్లు ఇండోనేషియా దీవుల సందుల్లోంచే హిందూ మహాసముద్రంలోకి పారతాయి. దానికి ఆటుపోట్లు తోడై, ఈ ఇరుకు జలసంధుల్లో ప్రవాహం చాలా వేగంగా ఉంటుంది. ఆ ప్రవాహంతో వచ్చే ప్లాంక్టన్ కోసమే మాంటా రేలు వస్తాయి. మూడు నాలుగు మీటర్ల రెక్కలతో అవి కిందనుంచి నింపాదిగా వెళ్తుంటే ఊపిరి తీసుకోవడం మర్చిపోతాం.

మాంటా పాయింట్‌లో మా పడవలోని ఒక కుర్రాడు ఫోన్‌ని ప్లాస్టిక్ పౌచ్‌లో పెట్టుకుని దిగాడు. పౌచ్ లోపల ఆవిరి పట్టింది, టచ్ పనిచేయట్లేదు. ముఖం నీళ్లలో పెట్టి దాంతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. రెండు మూడు నిమిషాల్లో మా గుంపు ఒకచోట, అతను బాగా దూరంలో. గైడ్ ఈల వేస్తే వినపడలేదు. చివరికి చిన్న పడవ వెళ్లి ఎక్కించుకొచ్చింది. ఫోన్‌కి ఏం కాలేదు, అతనికీ ఏం కాలేదు. కానీ పడవెక్కాక అతని చేతులు వణుకుతుండటం అందరం చూశాం. అంత చేసీ అతని ఫోన్‌లో ఒక్క మాంటా కూడా లేదు.

ఆ రోజు నుంచి నేను కెమెరాని చేతిపట్టీకి కట్టి, రికార్డింగ్ ఆన్ చేసి వదిలేశా. నిమిషానికోసారి తల పైకెత్తి పడవ ఎక్కడుందో చూడటం, గైడ్‌కి చేయి అందేంత దగ్గర్లో ఉండటం, లైఫ్ జాకెట్ తీయకపోవడం. వీటికి ఏ గ్యాడ్జెట్టూ ప్రత్యామ్నాయం కాదు. నీళ్లలో జీపీఎస్ సిగ్నల్ కూడా అందదు, వాచ్ మిమ్మల్ని వెతికి పెట్టదు. అన్నట్టు, వాచ్ మీద 5 ఏటీఎం అని ఉంటే 50 మీటర్ల లోతుకి డైవ్ చేయొచ్చని కాదు, మామూలు ఈతకి సరిపోతుందని అర్థం.

ఛార్జింగ్, ఫస్ట్ ఎయిడ్

- చాలా పడవల్లో జనరేటర్ నడిచినంతసేపే కరెంట్. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే సుమారు 74 వాట్ అవర్లు. విమానాల్లో 100 లోపు వాటికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, కానీ చేతిబ్యాగ్‌లోనే పెట్టాలి.
- ఇండోనేషియా సాకెట్లలో మన రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్లు పడతాయి. మూడు పిన్నులవైతే అడాప్టర్ కావాలి.
- ఫోన్ మీద ఉప్పునీళ్లు పడితే మంచినీళ్లతో మెల్లగా కడిగి, తుడిచి, పోర్ట్ కిందకి ఉండేలా గాలికి ఆరనివ్వండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ వద్దు. బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కూడా చెప్తోంది.
- యాక్షన్ కెమెరాని ప్రతి రాత్రీ మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించండి. బ్యాటరీ డోర్ బాగా ఆరాకే తెరవండి.

మరి ఏం కొనాలి?

ఇలాంటి ట్రిప్ కోసం ఫోన్ మార్చాలనుకుంటే ఐపీ68 చూసి కొనకండి. అది వానకి, చేయి జారి బకెట్‌లో పడినప్పుడు కాపాడే బీమా మాత్రమే. ఆ డబ్బులో కొంతతో పాత మోడల్ యాక్షన్ కెమెరా కొనండి, లేదా అద్దెకి తీసుకోండి. ఫోన్‌కి కొండ మీద, పడవ మీద బోలెడు పని ఉంది. సముద్రంలో దిగేటప్పుడు దాన్ని డ్రై బ్యాగ్‌లో పడేసి వెళ్లండి.