మార్కులు తగ్గితే స్టడీ అవర్ పెంచాలా?



యూనిట్ టెస్టులో మార్కులు తగ్గగానే స్టడీ అవర్ పెంచమని చాలామంది అడుగుతారు. పెంచితే పిల్లలు ఇంటికి ఆలస్యంగా చేరతారు, హోంవర్క్ ముగించి ఇంకా ఆలస్యంగా పడుకుంటారు. మర్నాడు క్లాసులో కునికిపాట్లు. పాఠం తలకెక్కదు, మార్కులు మళ్లీ తగ్గుతాయి. మందే జబ్బును పెంచిందన్నమాట!

ఇలాంటి చక్రాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూడటమే సిస్టమ్స్ థింకింగ్. అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన పీటర్ సెంగే 1990లో ‘ది ఫిఫ్త్ డిసిప్లిన్’ పుస్తకంతో దీనికి ప్రాచుర్యం తెచ్చారు. ఈ దృష్టితో చూసే ప్రిన్సిపల్ గంటలు పెంచే ముందు హోంవర్క్, బస్సు వేళలు, నిద్ర అన్నీ కలిపి చూస్తారు.

13–18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8–10 గంటల నిద్ర కావాలి. మీ పిల్లలు ఎన్నింటికి పడుకుంటున్నారో వారం రోజులు డైరీలో రాసి, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి.