పుస్తకాన్ని అరకు చేర్చే చేతికి గుర్తింపేదీ?

మిరప కల్లంలో తాలుకాయ ఏరే మనిషి ఎవరి కంటా పడదు. గుంటూరు యార్డులో మంచి ధర పలికినరోజున రైతు పేరు వినబడుతుంది, కమీషన్ వ్యాపారి పేరు వినబడుతుంది. ఎండలో చతికిలబడి ఎర్రకాయనూ తెల్లకాయనూ వేరుచేసిన ఆడకూలీ పేరు ఎవరికీ పట్టదు. ఆమె ఏరకపోతే టిక్కీకి ఆ ధర రాదన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు.

విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలోనూ సరిగ్గా ఇటువంటి పనివారే ఉన్నారు. వారు నెలజీతగాళ్లు కారు, అక్కడే చదువుకునే పిల్లలు. పగలు తరగతికి వెళ్లి, సాయంత్రంపూట రెండు మూడు గంటలు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతారు. మన పల్నాడు, బాపట్ల, ఒంగోలు ప్రాంతాల ఊళ్ల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలలోనూ ఈ పని చేసినవారున్నారు. ఇంటికి ఫోన్ చేసినపుడు ఆ మాట చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. చెప్పినా తల్లిదండ్రులు పక్కింటివారి దగ్గర ఎత్తరు. అప్పుచేసి, రెండెకరాలు తాకట్టుపెట్టి పంపితే పిల్లవాడు అక్కడ అటెండరు పని చేస్తున్నాడా అని నలుగురూ అనుకుంటారని వారి బెంగ.

ఆ బెంగ అక్కరలేదు. ఈ పని చేసిన పిల్లలను ఎలా గౌరవించాలో కొన్ని దేశాలలో, మన దేశంలోనే కొన్నిచోట్ల, తెలుసుకున్నారు. ఆ పద్ధతి మన నాగార్జున నగర్‌లోనూ స్థిరపడవలసి ఉంది.

తప్పు అరలో పెడితే పోయినట్టే

అసలు ఆ పనేమిటి? తిరిగి వచ్చిన పుస్తకాన్ని ముందు జమకట్టాలి. పుస్తకం వీపున అంటించిన అంకె చూసి తోపుడుబండి మీద వరుసగా పేర్చుకోవాలి. ఏ బీరువా, ఏ అర, దేని పక్కన అని చూసుకుని పెట్టాలి. చదువరులు అటూ ఇటూ దూర్చిపోయినవాటిని అర వెంట అర తడుముకుంటూ వెళ్లి సరిచేయాలి. రాత్రి తలుపులు మూసేవేళకు బల్లల మీద మిగిలినవన్నీ ఏరుకోవాలి.

వినడానికి ఇది పెద్ద పనిలా ఉండదు. కాని మన కళాశాలల్లో చాలాచోట్ల వాడే దశాంశ వర్గీకరణలో పత్తిసాగు పుస్తకం అంకె 633.51. ఏమరుపాటున దాన్ని 635.1 దగ్గర పెట్టారనుకోండి. అది కారట్, ముల్లంగి వంటి దుంపల చోటు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివే రైతుబిడ్డ పరీక్ష ముందురోజు పత్తి పురుగు గురించి చూసుకుందామని వస్తే జాబితాలో పుస్తకం ఉంటుంది, అరలో ఉండదు. ఎవరూ దొంగిలించలేదు, చెదలు తినలేదు. అయినా అది పోయినట్టే లెక్క. మళ్లీ ఏ ముల్లంగి పుస్తకం కావలసినవాడో వచ్చి దాన్ని చూడాలి. తెలుగు సాహిత్యానిది 894.827, తమిళ సాహిత్యానిది 894.811. చుక్క తరువాతి అంకెలు సరిగా చూడనివాడి చేతిలో మన పుస్తకం అరవదేశం వెళ్లిపోతుంది.

కనుక ఇది మూటలు మోసే పని కాదు. కళ్లు, బుర్ర రెండూ పెట్టవలసిన పని. తాలుకాయ ఏరడమూ అంతే కదా!

అంకెలు పెట్టినవాడూ విద్యార్థే

ఈ అంకెల పద్ధతి పుట్టింది కూడా లైబ్రరీలో పనిచేసిన ఒక విద్యార్థి బుర్రలోనే. అమెరికాలోని ఆమ్‌హర్స్ట్ కళాశాలలో చదువుకుంటూ మెల్విల్ డ్యూయీ అనే కుర్రవాడు 1872లో అక్కడి లైబ్రరీలో సహాయకుడుగా చేరాడు. ఆ రోజులలో చాలాచోట్ల పుస్తకానికి అంకె వేసేది బీరువానుబట్టి, అరనుబట్టి. కొత్త పుస్తకాలు వచ్చి అర నిండితే పాతవాటిని జరిపి, అంకెలన్నీ మార్చుకోవలసిందే. రోజూ ఆ బాధ పడ్డవాడికే తట్టింది, అంకె వేయవలసింది బీరువాకు కాదు, విషయానికని. 1873లో తన పథకాన్ని కళాశాలవారి ముందు పెట్టాడు. కుర్రవాడివి నీకెందుకని వారు తోసిపుచ్చలేదు. 1874లో పట్టా చేతికి రాగానే అతనిని అక్కడే సహాయ గ్రంథపాలకుడుగా వేసుకున్నారు. 1876లో ఆ పద్ధతి 44 పుటల చిన్న పుస్తకంగా వెలువడింది. ముఖపత్రం మీద రాసినవాడి పేరు లేదు.

ఆ తరువాత డ్యూయీ పేరు ప్రపంచమంతా పాకింది. అతని నడవడి మాత్రం పేరుకు తగినట్టు లేదు. ఆడవారితో అసభ్యంగా ప్రవర్తించినందుకు, నల్లవారిపట్ల, యూదులపట్ల చూపిన వివక్షకు అమెరికా గ్రంథాలయ సంఘం 2019లో తాను ఇచ్చే పతకం నుంచి అతని పేరు తీసివేసింది. అది వేరే సంగతి. సహాయకుడుగా చేరిన విద్యార్థి చెప్పిన మాట ఒక కళాశాల చెవిన వేసుకోబట్టి ఇవాళ మన ఊరి కుర్రవాడికి అరలో పుస్తకం దొరుకుతోందన్నదే మనకు కావలసింది.

అమెరికాలో పిల్లలు ఎలా పనిచేస్తారు?

బీద విద్యార్థులు కళాశాలలోనే పనిచేసుకుని చదువుకునేందుకు 1964లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం కింద పథకం పెట్టింది. జీతంలో పెద్దభాగం ప్రభుత్వమే భరిస్తుంది. అయితే చదువు వీసా మీద వెళ్లిన మన పిల్లలకు అది వర్తించదు. వారికి విశ్వవిద్యాలయం తన సొంత డబ్బుతో ఇచ్చే పనులు ఉంటాయి. లైబ్రరీ పని అందులో ఒకటి. తరగతులు జరిగే రోజులలో వారానికి 20 గంటలకు మించి చేయరాదు, సెలవులలో ఎక్కువ చేయవచ్చు. విశ్వవిద్యాలయ ఆవరణలో చేసే ఈ పని చట్టబద్ధమైనది. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకులోనో, హోటలులోనో చేస్తే వీసాకే ముప్పు. కనుక మా అబ్బాయి లైబ్రరీలో చేస్తున్నాడంటే తలవంచుకోవలసిన పని లేదు, గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు.

అక్కడ కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాలలో అంతకంటే ఎక్కువ ఉంది. కనీసపు లెక్కన చూసినా వారానికి 20 గంటలకు 145 డాలర్లు. ఫీజుకు చాలదు గాని బియ్యానికీ, కూరకూ, బస్సు చార్జీకీ ఇంటి మీద పడకుండా గడుస్తుంది.

జీతం ఇచ్చి ఊరుకోరు. పనిచేసే విద్యార్థుల కోసం ఏటా ఏప్రిల్‌లో ఒక వారం జరుపుతారు. బాగా చేసినవారిని ఎంపిక చేసి బహుమతి ఇస్తారు. అనుభవం వచ్చినవారికి కొత్తగా చేరిన పిల్లల మీద మేస్త్రిగా పెద్దరికం ఇచ్చి గంట కూలి పెంచే లైబ్రరీలున్నాయి. లైబ్రరీ విద్యార్థులకే ప్రత్యేకించి ఉపకారవేతనాలు పెట్టినవీ ఉన్నాయి. ఉద్యోగానికి వెళ్లేటపుడు పై అధికారి రాసి ఇచ్చే యోగ్యతాపత్రం అన్నిటికంటే విలువైనది.

అన్నిటిలోకీ ముచ్చటైన పద్ధతి మరొకటి ఉంది. చదువు ముగించి వెళ్లే విద్యార్థిని తనకు నచ్చిన పుస్తకం ఒకటి ఎంచుకోమంటారు. ఆ పుస్తకం అట్టలోపల అతని పేరు, పనిచేసిన కాలం అచ్చువేసిన చిన్న చీటీ అతికిస్తారు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల లైబ్రరీలు ఇలా చేస్తున్నాయి. ఆ పుస్తకం అక్కడ ఉన్నంతకాలం తెరిచినవాడల్లా ఆ పేరు చూస్తాడు. అది తెలుగు పుస్తకమైనా కావచ్చు. ఒకప్పుడు అమెరికా నుంచి మనకు వచ్చిన గోధుమలకు మనదేశం రూపాయలలో కట్టిన సొమ్ములో కొంత పెట్టి, 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపారు. షికాగో, విస్కాన్సిన్ లైబ్రరీలలో తెలుగు అరలు పెరిగింది అలాగే. రేషన్ గోధుమల పేరున వెళ్లిన మన పుస్తకంలో మన ఊరి పిల్ల పేరు ఉంటే ఎంత బాగుంటుంది!

కెంటకీ రాష్ట్రంలో బెరియా అనే కళాశాల ఉంది. 1892 నుంచి అక్కడ చదువుకు ఫీజు లేదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు ఏదో ఒక పని చేయాలి. లైబ్రరీలో చేసేవారూ ఉంటారు, వంటశాలలో చేసేవారూ ఉంటారు. చదువు మార్కులతోపాటు చేసిన పనికి కూడా పత్రం ఇస్తారు. అంతా చేసే పని కాబట్టి అక్కడ ఎవరికీ నామోషీ లేదు.

మనకు కొత్తా?

మనకు ఇది కొత్త అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది యువకుల పూనికతోనే. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. దుగ్గిరాల దగ్గర పెదపాలెం కేంద్రంగా సేవచేసిన పాతూరి నాగభూషణంగారు 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ వెంట నడిపించారు. అటువంటి ఉద్యమం నడిచిన గడ్డ ఇది. అప్పుడు పుస్తకం మోసినవారు కూలి అడగలేదు. అది దేశం కోసం చేసిన పని. ఈనాటి విద్యార్థి పరిస్థితి వేరు. అతనికి మెస్ బిల్లు కట్టాలి.

మహారాష్ట్రలో పుణె విశ్వవిద్యాలయం కర్మవీర్ భావురావ్ పాటిల్ పేరున చదువుతూ సంపాదించుకునే పథకం నడుపుతోంది. గ్రామీణ విద్యార్థులు రోజుకు కొన్ని గంటలు లైబ్రరీలో, ఆఫీసులో, తోటలో పనిచేసి గంటల లెక్కన డబ్బు తీసుకుంటారు. ఇటువంటి పథకాలు పెట్టుకోవాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం కూడా చెబుతూ వచ్చింది.

మన నాగార్జున విశ్వవిద్యాలయం 1967లో నల్లపాడులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన పీజీ కేంద్రంగా మొదలై 1976లో విశ్వవిద్యాలయమైంది. 2004లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమని పేరు మారింది. పత్తికీ మిరపకీ పెట్టుబడి పెట్టి, ఒక ఏడు వానకు, ఒక ఏడు పురుగుకు అప్పజెప్పిన ఇళ్ల నుంచి ఇక్కడికి పిల్లలు వస్తారు. ఆ ఇళ్ల నుంచి నెలకు రెండువేలు అదనంగా తెప్పించుకోవడం ఎంత కష్టమో హాస్టలులో ఉన్న పిల్లలను అడిగితే తెలుస్తుంది. ఆడపిల్లల సంగతి మరీను. డిగ్రీతో చాలు, పెళ్లి చేసేద్దామనే ఇంట్లో, నా ఖర్చు నేను చూసుకుంటానని పిల్ల చెప్పగలిగితే రెండేళ్లు ఆగుతారు. ఆవరణలోనే, హాస్టలుకు దగ్గరలో ఉండే లైబ్రరీ పని ఆడపిల్లలకు అనువైనది.

శాలువా కప్పి సరిపెట్టవద్దు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుర్తింపు అంటే మనవారికి వెంటనే శాలువా, మెమెంటో, ఫొటో గుర్తుకు వస్తాయి. వేదిక మీద పదిమంది పెద్దలు, కింద పిల్లలు. గంట కూలి నెలల తరబడి బకాయిపెట్టి, చివరన బిర్యానీ పొట్లం చేతిలో పెట్టి సన్మానం చేశామంటే అది గుర్తింపు కాదు. మేపకుండా ఎద్దు కొమ్ములకు రంగు వేసినట్టు ఉంటుంది. ఏరువాకనాడు పొంగలి పెట్టే రైతు మిగతా రోజులలోనూ ఎద్దుకు కుడితి పెడతాడు. ముందు కూలి నెలనెలా అందాలి, తరువాతే సన్మానం.

రెండోది, ఎంపిక. లైబ్రేరియన్ కళ్ల ఎదుట కౌంటరు దగ్గర కూర్చునే పిల్లవాడికే ఏటా బహుమతి వస్తే, మూలన బీరువాల మధ్య అర తరువాత అర సరిచేసే పిల్ల రెండో ఏడాది రాదు. సర్దిన అరలో తప్పులు ఎన్ని దొరికాయి, చెప్పిన వేళకు వచ్చారా, చదువరులతో ఎలా మాట్లాడారు అన్నవి రాసిపెట్టుకుంటే ఎవరి పక్షపాతమూ లేకుండా తేలుతుంది. తోటి విద్యార్థుల మాట కూడా తీసుకోవాలి. ఎవరు పనిచేస్తారో, ఎవరు బండి తోసినట్టు నటిస్తారో వారికంటే బాగా ఎవరికి తెలుసు?

పుస్తకంలో చీటీ అతికించడానికి అయ్యే ఖర్చు ఒక కప్పు టీ అంత కూడా ఉండదు. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. లైబ్రేరియన్ తలుచుకుంటే చాలు. చదువుతూ సంపాదించుకునే ఏర్పాటు ఉన్న కళాశాలలు దానిని సక్రమంగా నడపాలి, లేనివి వచ్చే విద్యా సంవత్సరంలోనైనా మొదలుపెట్టాలి. మన గ్రంథాలయ సంస్థలు కూడా ఈ దారి ఆలోచించవచ్చు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్న ఊళ్లు మనవి. శాఖా గ్రంథాలయం సాయంత్రం మరో రెండు గంటలు తెరిచి ఉండేందుకు ఊళ్లోని డిగ్రీ విద్యార్థికి గంటల లెక్కన డబ్బిస్తే ఇద్దరికీ మేలు.

ఇప్పటికే ఇటువంటి పని చేస్తున్న పిల్లలు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఏ నెలలో ఎన్ని గంటలు చేశారో సొంత నోటు పుస్తకంలో రాసుకుని వారంవారం పై అధికారి సంతకం తీసుకోవాలి. వెళ్లేటపుడు ఇచ్చే పత్రంలో 'మంచి నడవడి గలవాడు' అన్న ఒక్క ముక్కతో తృప్తిపడకుండా, ఎన్ని గంటలు, ఏ విభాగంలో, ఏ పని చేసిందీ రాయించుకోవాలి. ఎంత మంచి లైబ్రేరియన్ అయినా ఆయనకు బదిలీ అవుతుంది. ఆ కాగితం బదిలీకి ముందే చేతిలో ఉండాలి.