మూడు సూదులూ ఒకేసారి వేయలేమా?

‘డాక్టరుగారూ, మూడు సూదులూ ఒకేసారి వేసెయ్యండి’ అని మా ఓపీలో తల్లులు అడుగుతుంటారు. పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేయించాలి. కూలి మానుకుని మూడుసార్లు రావడం కష్టమే.

ఈ ఆలోచన శాస్త్రవేత్తలకూ వచ్చింది. ధనుర్వాతం టీకా ప్రొటీన్‌ను పీఎల్‌జీఏ అనే పాలిమర్ రేణువుల్లో పెట్టి చూశారు. ఒంట్లో కరిగిపోయే కుట్లదారం కూడా ఈ జాతిదే. రేణువులు మెల్లగా కరుగుతూ వారాల తరబడి టీకాను వదలాలి.

చిక్కల్లా ఇక్కడే. పీఎల్‌జీఏ కరిగితే లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలు పుడతాయి. అవి రేణువులోనే పేరుకుంటే, ఒంటి వేడి, తేమ తోడై ప్రొటీన్ ముద్దకడుతుంది. ఆకారం చెడిన ప్రొటీన్‌తో సరైన రక్షణ రాదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే ల్యూప్రొలైడ్ ఇలాంటి రేణువుల్లోనే నెలల తరబడి పనిచేస్తోంది కదా అంటారేమో. అది చిన్న పెప్టైడ్, తట్టుకుంటుంది.

2000లో అమెరికా పరిశోధకులు రేణువుల్లో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలిపి ఆమ్లాన్ని విరిచారు. అవును, కడుపుమంటకు మీరు తాగే సిరప్‌లో ఉండేదే! కొన్ని ప్రొటీన్లు నిలబడ్డాయి. అయినా మన టీకాల పట్టికలోకి ఇలాంటిది ఇంకా రాలేదు.

రెండో డోసు తేదీ దాటిందని మానేయకండి. కార్డు పట్టుకుని రండి. మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, మిగిలినవే వేస్తాం.