పరిశోధకునకు ధనసహాయము

పూర్వము పరిశోధనకు సంస్థానాధీశులే దిక్కు. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలికి మునగాల ప్రభువును, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పిఠాపురాధీశుడును అండయైరి. ప్రభువులు పండితుని ముఖము చూచి యిచ్చెడివారు. నేటి సంస్థలు కాగితము చూచి యిచ్చును.

విశ్వవిద్యాలయ నిధుల సంఘపు జాతీయ అర్హత పరీక్షలో తెలుగు కూడ ఒక విషయము. ఇందు పరిశోధన వేతనమునకు ఎంపికైనవారికి 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు నిర్ణయింపబడినవి. సామాన్యవర్గమునకు వయఃపరిమితి 30 ఏండ్లు గనుక ఎం.ఏ. పిదప తాత్సారము తగదు.

1969లో ఏర్పడిన భారతీయ సామాజికశాస్త్ర పరిశోధన మండలి వంటివానికి పంపు దరఖాస్తు వేఱు. ‘కృష్ణా డెల్టా పడవవారి జీవనము’ అనిన చాలదు. భవానీపురపు రేవున ఎందఱిని కలియుదురో, ఏమడుగుదురో, ఎన్నాళ్లు పట్టునో, ప్రయాణమున కెంతయగునో వ్రాయవలెను. మనవారు విషయప్రాశస్త్యమును పుటలకొలది వర్ణించి, లెక్కను గడువు ముందటి రాత్రికి విడుతురు. మేము చూచినంతలో తిరిగివచ్చిన దరఖాస్తులు పెక్కు అట్టివే.